వేడెక్కాక ఆగిపోయే 1966 ఎంజీబీ: కార్బురేటర్ జోలికి పోకుండా ముందు స్పార్కు సంగతి తేల్చండి

మీరు చెప్పిన లక్షణాలను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. బండి 1966 నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపిన వైరింగు), రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, ప్లగ్గులకు స్పార్కు పంచే లూకాస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్. పొద్దున నల్లగొండలో సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటుంది. సాగర్ రోడ్డులో అరగంట బాగా నడిచి, హాలియా చేరేలోపే మిస్ కొట్టడం మొదలవుతుంది, సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుతుంది, తరువాత ఆగిపోతుంది. చెట్టు నీడన ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నిలిపితే మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇప్పటికే కార్బురేటర్ కిట్లు రెండుసార్లు మార్చారు, పెట్రోలు పంపు కొత్తది వేశారు, ప్లగ్గులు మార్చారు. ఇప్పుడేమో ఇంజన్ దింపి బోరు చేయాలని, అంటే అరిగిన సిలిండర్లను లోపల చెక్కాలని ఒక మెకానిక్ అన్నారు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే తీరిపోతుందా అని కూడా అడిగారు.

ఇంజన్ దింపకండి. పొద్దున మొదటి తిప్పుకే అందుకుని, అరగంట పాటు పికప్ తగ్గకుండా లాగే ఇంజన్‌కు బోరు అరిగిందనడం సరికాదు. రింగులు పోతే చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది: నీలం పొగ వస్తుంది, ఆయిల్ తగ్గుతుంది, స్టార్టింగ్‌కే మొరాయిస్తుంది. మీకు అనుమానం ఉంటే కంప్రెషన్ గేజ్‌తో నాలుగు సిలిండర్లూ కొలిపించండి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ మాట అక్కడితో వదిలేయండి. ఆ పరీక్షకు పట్టేది అరగంట, ఇంజన్ దింపితే నెలలు.

నేను మహబూబ్‌నగర్‌లో అంబాసిడర్లు, ఫియట్లు, ఆ తరువాత పాత బ్రిటిష్ కార్లు బాగుచేస్తూ వచ్చినవాణ్ణి. వేడెక్కాక ఆగే పాత కారు చూస్తే మా ప్రాంతంలో అందరి నోటా ముందు వచ్చే మాట ఎయిర్ లాక్. అంబాసిడర్ విషయంలో అది చాలాసార్లు నిజమే. దాని పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే ఉండి, వెనకున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తక్కువ, ఇంజన్ వేడి ఎక్కువ, అందువల్ల పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది. తడిగుడ్డ చుట్టగానే బండి కదిలేది అందుకే. ఎంజీబీలో పంపు వెనక చక్రం దగ్గర, ట్యాంకు పక్కన ఉంటుంది. అది పీల్చదు, ముందుకు తోస్తుంది. కాబట్టి అంబాసిడర్ అనుభవాన్ని ఉన్నదున్నట్లు ఈ బండికి అంటగడితే దారి తప్పుతాం. మీ బండికి ఇప్పటిదాకా జరిగింది అదేనని నాకు అనిపిస్తోంది.

మీరు రాసిన వాటిలో నేను గట్టిగా పట్టుకున్నది సైలెన్సర్ పేలుడు. పెట్రోలు చాలక ఇంజన్ నీరసపడితే చప్పుడు సాధారణంగా కార్బురేటర్ వైపు నుంచి వస్తుంది, దగ్గినట్లు, తుమ్మినట్లు. వెనక సైలెన్సర్‌లో పేలిందంటే సిలిండర్‌లోకి పెట్రోలు, గాలి వచ్చాయి, కాని వెలగలేదు. వెలగని మిశ్రమం సైలెన్సర్‌లోకి పోయి, తరువాతి మంట తగిలి అక్కడ పేలింది. అంటే పెట్రోలు అందుతోంది, స్పార్కు తప్పుతోంది. ఇది తుది తీర్పు కాదు, కాని కార్బురేటర్ కిట్టు మూడోసారి కొనకుండా ఆపడానికి చాలు.

తుది తీర్పు ఇవ్వగలిగింది రోడ్డు మీద బండి ఆగుతున్న ఆ ఒకటి రెండు నిమిషాలే. ఇంటి దగ్గర చల్లని ఇంజన్‌ను ఎంత వెతికినా ఇలాంటి లోపం దొరకదు, ఎందుకంటే ఆ సమయానికి లోపం అక్కడ లేదు. అందుకే ఈసారి బండిని కావాలనే మధ్యాహ్నం ఎండలో తీయండి. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీలు ఉండే రోజయితే ఇంకా మంచిది. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. టెస్ట్ ల్యాంప్, ఒక పాత ప్లగ్గు, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరు, ఫీలర్ గేజ్, నీళ్ల సీసా, రెండు గుడ్డముక్కలు, మంచిదని తెలిసిన ఒక కండెన్సర్ వెంట ఉంచుకోండి. టెస్ట్ ల్యాంప్ మామూలు బల్బు ఉన్నదే కావాలి. ఎల్ఈడీ టెస్టర్లు పాజిటివ్ ఎర్త్ బండిలో తికమక పెడతాయి, బల్బుకు మాత్రం ఎటు పెట్టినా తేడా లేదు.

మిస్ కొట్టడం మొదలవగానే చూడాల్సింది మీ ముందున్న ఆర్‌పీఎం మీటరు ముల్లును. 1964 చివర అయిదు బేరింగుల ఇంజన్ వచ్చినప్పటి నుంచి ఎంజీబీకి ఎలక్ట్రానిక్ మీటరు ఉంది. ఇగ్నిషన్ తాళం నుంచి, స్పార్కుకు కావలసిన హై వోల్టేజీ పుట్టించే కాయిల్‌కు వెళ్లే తెల్ల వైరు ఆ మీటరు దగ్గర చుట్టు తిరిగి వెళుతుంది, ఆ వైరులో తెగుతూ కలుస్తూ ఉండే కరెంటును మీటరు లెక్కపెడుతుంది. కాబట్టి క్లచ్ తొక్కకుండా గేరులోనే బండిని దొర్లనివ్వండి. చక్రాలు ఇంజన్‌ను తిప్పుతూ ఉంటాయి. ముల్లు చక్రాల వేగంతో పాటు నెమ్మదిగా, నిలకడగా దిగుతూ ఉంటే కాయిల్ ప్రైమరీ వైపు, అంటే తాళం, తెల్ల వైరు, డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటు తెంపే పాయింట్లు, బాగున్నాయి. అప్పుడు తప్పు పెట్రోలులోనో, కాయిల్ సెకండరీ నుంచి ప్లగ్గుల దాకా ఉన్న హై టెన్షన్ వైపునో ఉంది. బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే ప్రైమరీలో కరెంటు తెగింది, లేదా పాయింట్లు ఉన్నా లేనట్లే అది నేరుగా ఎర్త్ అయిపోతోంది. ముల్లు పిచ్చిపట్టినట్లు ఎగిరెగిరి పడితే పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ లోపలి వైరు, వీటిలో ఒకటి. ఒక్క మీటరు చూపుతో సగం బండిని అనుమానం నుంచి తప్పించవచ్చు.

అదే సమయంలో చోక్ కొద్దిగా లాగి చూడండి. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్టు కిందికి దిగి పెట్రోలు పెరుగుతుంది. ఇంజన్ తేరుకుంటే పెట్రోలు తక్కువైనట్లు. మార్పు లేకపోయినా, ఇంకా దిగజారినా స్పార్కు వైపే చూడాలి.

బండి ఆగాక తాళం ఆన్‌లో ఉంచి చెవి పెట్టండి. ఎస్‌యూ పంపు టిక్ టిక్‌మని మాట్లాడుతుంది. కార్బురేటర్ల పక్కన పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలు నిండి ఉంటే అది ఊరుకుంటుంది, ఎప్పుడో ఒక టిక్ వినిపిస్తుంది. ఆగకుండా గబగబా కొట్టుకుంటూనే ఉంటే దానికి పెట్రోలు అందడం లేదు, గాలినో ఆవిరినో పంపుతోంది. అసలు శబ్దమే లేకుండా, గిన్నెలు కూడా ఖాళీగా ఉంటే పంపుకు కరెంటు రావడం లేదు, లేదా పంపు పాయింట్లు అంటుకుపోయాయి. ఇంకొక లాభం కూడా ఉంది. ఈ బండిలో పంపూ కాయిలూ రెండూ తాళం నుంచి వచ్చే తెల్ల వైరు మీదే ఆధారపడతాయి. పంపు కొట్టుకుంటుండగా కాయిల్‌కు కరెంటు రాకపోతే తాళం నిర్దోషి, మీటరు చుట్టూ తిరిగే వైరు, దాని బుల్లెట్ కనెక్టర్లు చూడాలి. అరవై ఏళ్ల నాటి ఆ కనెక్టర్లు చిలుము పట్టి, వేడికి వదులై కరెంటు ఆపేయడం మామూలే.

ఆ వెంటనే పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. లోపలికి గాలి బుస్‌మని పీల్చుకుంటే మూతలోని గాలిరంధ్రం మూసుకుపోయింది. మన టిప్పర్ల దుమ్ములో ఇది అరుదేమీ కాదు. దాని లక్షణాలు కూడా అచ్చం మీరు చెప్పినట్లే ఉంటాయి: అరగంట నడవడం, ఆగడం, కాసేపటికి మళ్లీ నడవడం. సైలెన్సర్ పేలుడు మాత్రం దానికి నప్పదు.

ఇక స్పార్కు. డిస్ట్రిబ్యూటర్ క్యాపు మధ్యలోకి కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఊడదీసి, దాని చివర పాత ప్లగ్గు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించి పట్టుకోండి, ప్లేయరుతోనే. తోడు వచ్చినవారిని సెల్ఫ్ కొట్టమనండి. చుట్టుపక్కల పెట్రోలు కారుతున్న చోట గాని, పెట్రోలు గొట్టం విప్పిన తరువాత గాని ఈ పరీక్ష చేయకూడదు. నీలంగా, చటచటమని, వరుసగా స్పార్కు వస్తే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ ఆ క్షణంలో బాగున్నాయి. పసుపుపచ్చగా, సన్నగా, ఉండీ లేనట్లుగా వస్తే వాటిలో ఒకటి వేడికి లొంగింది. అసలే రాకపోతే టెస్ట్ ల్యాంప్ తీయండి.

ల్యాంపు ఒక కొస ఎర్త్‌కు, రెండో కొస కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అని రాసి ఉన్న టెర్మినల్‌కు. తాళం ఆన్ చేస్తే వెలగాలి, వెలగకపోతే లోపం తాళం నుంచి కాయిల్ దాకా ఉన్న వైరులో. తరువాత సీబీ అని రాసి ఉన్న రెండో టెర్మినల్. పాయింట్లు తెరిచి ఉన్నప్పుడు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి, సెల్ఫ్ కొడితే మిణుకు మిణుకుమనాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా వాటి ముఖాలు మాడి కరెంటు పోవడం లేదు, లేదా బేస్ ప్లేటు ఎర్త్ వైరు తెగింది. ఎప్పుడూ వెలగకపోతే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరును సీబీ దగ్గర ఊడదీయండి. అప్పుడు వెలిగితే డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో ఎర్త్ అవుతోంది. అప్పటికీ వెలగకపోతే కాయిల్ లోపలి ప్రైమరీ చుట్టు తెగింది.

నా అనుమానం ఎక్కువగా కండెన్సర్ మీద ఉంది, ఎందుకో చెబుతాను. పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్‌లో సుమారు 4 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. పాయింట్లు తెరుచుకోగానే అది ఒక్క దెబ్బకు తెగాలి, సాగర్ కాలువ తూముకు షట్టరు దించినట్లు. అలా తెగితేనే సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. కరెంటుకు మాత్రం తెగడం ఇష్టం ఉండదు, తెరుచుకుంటున్న పాయింట్ల మధ్య దూకాలని చూస్తుంది. ఆ దూకుడును తనలోకి తీసుకునేది కండెన్సర్. దాని విలువ 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉంటుంది. వేడెక్కినప్పుడు లోపలి చుట్టు వదిలేస్తే స్పార్కు ప్లగ్గు దగ్గర కాకుండా పాయింట్ల దగ్గరే మొదలవుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు సెకనుకు 100 స్పార్కులు కావాలి. అందులో పదో ఇరవయ్యో తప్పితే మిస్, పేలుడు. అన్నీ తప్పితే బండి రోడ్డు పక్కన. చల్లబడగానే కండెన్సర్ మళ్లీ పనిచేస్తుంది, మీటరు పెట్టి కొలిస్తే అంతా బాగుందని చూపిస్తుంది.

దీన్ని కంటితో పట్టుకోవచ్చు. బండి ఆగిన చోటే డిస్ట్రిబ్యూటర్ క్యాపు రెండు క్లిప్పులూ విప్పి పక్కన పెట్టండి, క్యాపు కింద షాఫ్టు మీద తిరిగే రోటర్ తీయండి. తల వంచి నీడ పడేలా చూసుకుని, సెల్ఫ్ కొట్టిస్తూ పాయింట్ల ముఖాల మధ్య చూడండి. చిన్న చుక్కలాంటి మెరుపు కనీ కనిపించకుండా ఉంటే సరే. లావుగా, నీలం తెలుపు కలిసిన మంట చిటపటలాడుతూ కనిపిస్తే కండెన్సర్ పోయింది. పాయింట్ల ముఖాలు నల్లగా, నీలిరంగు తిరిగి ఉంటే అది ఇంకొక సాక్ష్యం. మందు అక్కడికక్కడే వేయవచ్చు: మీ దగ్గరున్న మంచి కండెన్సర్ వైరును కాయిల్ సీబీ టెర్మినల్‌కు తగిలించి, దాని డబ్బాను బయటే ఏదైనా ఇనుప బోల్టు కింద బిగించండి. దానికి లోపలే ఉండాలన్న నియమం లేదు. పాతది ఎర్త్ అయిపోయి ఉండవచ్చు కాబట్టి దాని వైరు విప్పేయండి. బండి వెంటనే అందుకుని ఇంటిదాకా మిస్ లేకుండా వస్తే తీర్పు వచ్చినట్లే. ఇలా బయట బిగించిన కండెన్సర్‌తో ఏళ్ల తరబడి తిరిగిన కార్లను నేను చూశాను. ఇంజన్ వేడికి దూరంగా ఉంటే దానికీ మేలే.

ఒక హెచ్చరిక. ఇప్పుడు కొత్తగా దొరికే కండెన్సర్లు, రోటర్లలో నాసిరకం చాలా ఉంది. కొత్తది వేశాం కాబట్టి అది మంచిదే అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. పాత అంబాసిడర్ మెకానిక్ డబ్బాలో వాడి తీసిన కండెన్సర్ దొరికితే, పనిచేస్తోందని చూసుకుని, దాన్నే నమ్ముతాను.

రోటర్‌ను కూడా వదలకండి. మధ్యలో రివెట్టు ఉండే రకంలో కరెంటు రివెట్టు గుండా, కింద ప్లాస్టిక్‌ను చీల్చుకుని డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకు దిగిపోతుంది. దీనికి మా వర్క్‌షాపులో చేసే పరీక్ష: క్యాపు తీసి రోటర్‌ను దాని చోటే ఉంచి, కాయిల్ లావు వైరు చివరను రోటర్ నడినెత్తికి పావు అంగుళం పైన ప్లేయరుతో పట్టుకుని, తాళం ఆన్‌లో పాయింట్లను స్క్రూడ్రైవరు పిడితో తెరుస్తూ మూస్తూ ఉండండి. రోటర్ మంచిదైతే దాని మీదికి స్పార్కు దూకడానికి కారణమే లేదు. పదే పదే దూకుతోందంటే రోటర్ లోపల నుంచి ఎర్త్ అవుతోంది, పారేయండి.

డిస్ట్రిబ్యూటర్ లోపల ఇంకొక రెండు విషయాలు చూడండి. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్లే గుడ్డ అల్లిక వైరు ఒకటి ఉంటుంది, మహా అయితే మీ వేలంత పొడవు. వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజన్ పీల్పుతో స్పార్కును ముందుకు జరిపే భాగం, పనిచేసినప్పుడల్లా బేస్ ప్లేటు కదులుతుంది, దానితో ఈ వైరు వంగుతుంది. ఏళ్లు గడిచాక లోపలి రాగి పోగులు తెగి, పైన గుడ్డ మాత్రం అలాగే ఉంటుంది. కంటికి బాగున్నట్లే కనబడుతుంది. వేలితో మెల్లగా లాగండి, రబ్బరులా సాగితే లోపల తెగింది. రెండోది, పాయింట్ల స్ప్రింగు బిగించే నట్టు దగ్గర ఆ వైరు కొస, కండెన్సర్ వైరు కొస, రెండూ ప్లాస్టిక్ బుష్ మీదే ఉండి స్ప్రింగును తాకాలి, నిలువుగా ఉన్న పిన్నును తాకకూడదు. పాయింట్లు మార్చేటప్పుడు ఆ చిన్న బుష్‌ను, వాషర్లను తారుమారు చేస్తే ఒకప్పుడు నడుస్తూ ఒకప్పుడు ఎర్త్ అవుతూ ఏడిపిస్తుంది. మీ బండి మీద చాలా చేతులు పడ్డాయి కాబట్టి ఇది తప్పక చూడండి.

కాయిల్ సంగతి. మీ మోడల్‌కు బలాస్ట్ (కరెంటు తగ్గించే విడి నిరోధం) లేని 12 వోల్టుల కాయిల్ కావాలి, చల్లగా ఉన్నప్పుడు ప్రైమరీ 3 ఓంలు, కాస్త పైన చూపాలి. ఎవరైనా బలాస్ట్ కాయిల్, అంటే 1.5 ఓంల దరిదాపుల్లోది వేసి ఉంటే దానిలో రెట్టింపు కరెంటు పారి, చేయి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లను కూడా మాడుస్తుంది. ఇది మల్టీమీటరుతో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వేడెక్కాక కూడా ఒకసారి కొలవండి. రాగి వేడికి నిరోధం పెంచుకుంటుంది, 3.1 ఉన్నది 3.6 కావడం సహజం. అంకె నిలవకుండా ఎగిరిపడినా, అసలు చూపకపోయినా లోపల చుట్టు వదిలినట్లే. పాజిటివ్ ఎర్త్ బండిలో సీబీ వైరు డిస్ట్రిబ్యూటర్‌కే వెళ్లాలి. మధ్యలో ఎవరైనా బండిని నెగటివ్ ఎర్త్‌కు మార్చి మళ్లీ వెనక్కి తెచ్చి ఉంటే కాయిల్ వైర్లు అటుదిటు ఉండే అవకాశం ఉంది. అప్పుడు బండి నడుస్తుంది, కాని ప్రతి స్పార్కుకూ ఎక్కువ వోల్టేజీ కావలసి వచ్చి, వేడిలో ముందుగా చేతులెత్తేసేది అదే.

తడిగుడ్డ వాడాలంటే ఇప్పుడు వాడండి, కాని ఒకసారికి ఒకచోటే. బండి ఆగాక కాయిల్ ఒంటికి మాత్రమే తడిగుడ్డ చుట్టి, పైభాగానికి నీరు తగలకుండా చూసుకుని, అయిదు నిమిషాల తరువాత సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే కాయిల్ మీద అనుమానం బలపడింది. అందుకోకపోతే ఫ్లోట్ గిన్నెల మీద చుట్టండి. కాయిల్, గిన్నెలు, గొట్టం అన్నిటిమీదా ఒకేసారి నీళ్లు పోస్తే బండి కదులుతుంది గాని మనకేమీ తెలియదు. మీకు ఇంతవరకు జరిగిన ఖర్చంతా ఇలాంటిదే: మూడు నాలుగు వస్తువులు ఒకేసారి మార్చడం, ఏది కారణమో తేలకపోవడం.

ఈ పరీక్షల్లో స్పార్కు నీలంగా నిలకడగా ఉండి, ముల్లు కూడా నిదానంగా దిగితే అప్పుడు పెట్రోలు వైపు రండి. కార్బురేటర్‌కు వచ్చే గొట్టం ఊడదీసి, సీసాలోకి పట్టి తాళం ఆన్ చేయండి. ఇంజన్ చల్లారాకే, చుట్టూ ఎవరూ బీడీ కాల్చకుండా. నిమిషంలో అర లీటరుకు పైగా ధారగా వస్తే పంపుకు ఏ ఢోకా లేదు. బుడగలు కలిసి వస్తే ట్యాంకుకూ పంపుకూ మధ్య గొట్టం గాలి పీలుస్తోంది. ఎంజీబీలో కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు ఒకే పక్కన ఉంటాయి, గిన్నెలకు ఆ సెగ నేరుగా తగులుతుంది. మధ్యలో ఉండాల్సిన హీట్ షీల్డు, దాని ఇన్సులేటర్ దిమ్మలు ఉన్నాయో లేవో చూడండి. మరమ్మత్తు చేసినవారు వీటిని అడ్డమని తీసి పడేయడం నేను చాలా బండ్లలో చూశాను. బంకుల్లో ఇప్పుడు పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, పెట్రోలులోని తేలిక భాగాలు అంతకన్నా ముందే ఆవిరవుతాయి. దానికి తోడు ఈ పెట్రోలుకు గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలుకు గాలి నిష్పత్తి 14.7 అయితే దీనికి 13.5 దగ్గర. అంటే పాత సెట్టింగు మీద మిశ్రమం పలచబడి, ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. జెట్టు కింది నట్టును ఒక్కొక్క పలక చొప్పున కిందికి తిప్పుతూ, పిస్టన్‌ను పక్క పిన్నుతో కొద్దిగా లేపి చూడండి. వేగం క్షణంపాటు కొంచెం పెరిగి సర్దుకుంటే సరి. పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం ఎక్కువ చిక్కన, పడిపోతే పలచన. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి లోపల పొరలు ఊడతాయి, అన్నిటినీ ఆర్9 అని ముద్ర ఉన్న రకానికి మార్చండి. ఇది ఈ లోపానికి సంబంధం లేకపోయినా చేయాల్సిందే, మంటలతో ఆట కాదు.

టైమింగ్, అంటే స్పార్కు ఏ క్షణంలో పడాలన్నది, దాని గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. పాయింట్ల గ్యాపు 0.014 నుంచి 0.016 అంగుళం, ప్లగ్గు గ్యాపు 0.025. పాయింట్ల మడమ రుద్దుకునే క్యామ్ మీద చిటికెడు గ్రీజు లేకపోతే మడమ అరిగి, గ్యాపు మూసుకుపోతూ, టైమింగ్ వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగిన టైమింగ్ వల్ల మంట ఆలస్యమై ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, ఎగ్జాస్ట్ పక్కనే మీ ఫ్లోట్ గిన్నెలు. అంటే పెట్రోలు మరగడం కంటికి కనిపించినా మూలం ఇగ్నిషన్‌లో ఉండవచ్చు. గిన్నెలకు తడిగుడ్డ చుడితే బండి కదిలిందని కార్బురేటర్‌నే నిందించకండి, ముందు గ్యాపు కొలవండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ ఎడమవైపుకు తిరుగుతుంది. ఇంజన్ ఆపి పెట్టే టైమింగ్ మీ ఇంజన్‌కు, పిస్టన్ పైకొసకు చేరడానికి 10 డిగ్రీలు ముందు. గుర్తులు క్రాంక్ పుల్లీ దగ్గర కిందివైపు ఉంటాయి, కింద పడుకుని చూడక తప్పదు. టెస్ట్ ల్యాంపును సీబీకీ ఎర్త్‌కూ మధ్య పెట్టి, ఇంజన్‌ను తిరిగే దిశలోనే చేత్తో తిప్పుతూ ల్యాంపు వెలిగిన చోట ఆపితే పాయింట్లు తెరుచుకున్న స్థానం అదే. మన పెట్రోలుతో ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొడితే ఒకటి రెండు డిగ్రీలు తగ్గించండి, అంతకు మించి వద్దు.

వాల్వు గ్యాపు 0.015 అంగుళం, చల్లని ఇంజన్ మీద. 2000 సంవత్సరం నుంచి మన దేశంలో సీసం లేని పెట్రోలే వస్తోంది, పాత సీట్లు అరిగి ఎగ్జాస్ట్ వాల్వుల గ్యాపు మూసుకుపోతూ ఉంటుంది. 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది, 2వది తెరుచుకున్నప్పుడు 7వది, ఎప్పుడూ మొత్తం 9 వచ్చేలా సరిచేసుకోండి.

విడి భాగాల కోసం విదేశాల నుంచి తెప్పించే ముందు నల్లగొండ, మిర్యాలగూడ పాత అంబాసిడర్ మెకానిక్‌లను కలవండి. అంబాసిడర్ కారు 2014 దాకా తయారైంది. దాని పాతకాలపు 1489 సీసీ ఇంజన్, మీ 1798 సీసీ ఇంజన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ కుటుంబమే. డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న భాగాల్లో సరిపోయేవి దొరుకుతాయి. పాతదాన్ని చేతపట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసే తీసుకోండి, మాట మీద కొనకండి. క్యాపు లోపల స్క్రూ వేసి బిగించే రకమైతే ప్లగ్గు వైర్లు రాగి తీగవే ఉండాలి, కార్బన్ వైర్లలోకి ఆ స్క్రూ సరిగా దిగదు, వేడిలో అదీ ఒక మిస్.

లోపం దొరికి, ఎండలో ఒకటి రెండుసార్లు సాగర్ దాకా ఆగకుండా వెళ్లివచ్చే వరకు శ్రీశైలం ఘాట్ రోడ్డు వైపు తీయకండి. మన్ననూరు దాటాక అంతా అడవి, బండి ఆగితే సాయం దొరకదు.

ఎలక్ట్రానిక్ కిట్టు విషయానికి వస్తే, అది మంచి వస్తువే, పాయింట్ల అరుగుదల బాధ తప్పుతుంది. కాని ఇప్పుడు వేయకండి. లోపం కాయిల్‌లోనో, రోటర్‌లోనో, తెల్ల వైరులోనో ఉంటే కిట్టు వేసినా బండి అదే చోట ఆగుతుంది. ముందు లోపాన్ని పట్టుకోండి. తరువాత డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో పక్కలకు ఊపి చూడండి. లొటలొటలాడితే బుష్ మార్పించాకే కిట్టు. కొనేటప్పుడు పాజిటివ్ ఎర్త్‌కు తయారైనదే అడగండి, నెగటివ్‌ది తగిలిస్తే ఆ క్షణమే కాలిపోతుంది. మీ పాత బేస్ ప్లేటును పాయింట్లు, కండెన్సర్‌తో సహా గ్యాపు పెట్టి, గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచుకోండి. కిట్టు రోడ్డు మీద పోతే దాన్ని బాగుచేసేవారు దొరకరు, పాయింట్లు మాత్రం మీరే మార్చుకుని ఇంటికి రావచ్చు.